నూనె డబ్బా మీది అక్షరాలు

ఈ వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసినదని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మేము ప్రబంధ నాయికల మీదనో, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గైకొన్న మన ఉదయగిరి దుర్గం మీదనో నాలుగు పుటలు నింపుతామని వారు ఆశించి ఉంటారు. తెలుగు పంతులు దగ్గర అంతకంటె మరేమి దొరుకుతుంది? కాని ఈ ఏడు మేము లారీ ఇంజనుకు పోసే నూనెను గూర్చి వ్రాయదలచాము. కళాశాల పత్రికకు ఇది తగిన విషయమేనా అని సందేహించేవారు మన్నింతురు గాక. మేము తిన్న అన్నం, కట్టిన బట్ట, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదివిన ఎం.ఏ. చదువు, అన్నీ ఒక లారీ చక్రాల మీద మా ఇంటికి వచ్చినవే. ఆ ఋణం సంగతి అటుంచి, ఆ లారీ విషయంలోనే మేము చేసిన తప్పు ఒకటి ఉన్నది. దానిని చెప్పుకోకుండా మరొక విషయం వ్రాయడానికి చేయి సాగలేదు.

మా వృత్తికి తగినట్లు మాటతోనే మొదలు పెడతాము. ‘నూనె’కు పాతరూపం ‘నూనియ’. నువ్వుల నెయ్యి అని దాని అర్థం. సంస్కృతంలోని ‘తైలం’ కూడా తిలల నుండి, అనగా నువ్వుల నుండే పుట్టినది. మన పత్రిక ఉర్దూ విభాగంలో ‘తేల్’ అని వ్రాసే మాట ఆ తైలానికి బిడ్డే. సంస్కృతంలో ‘స్నేహం’ అంటే చెలిమి. నూనె, జిడ్డు అని కూడా అర్థం. భౌతికశాస్త్రం వారు ద్రవపు చిక్కదనానికి వాడే ‘స్నిగ్ధత’ ఆ ధాతువు నుండి వచ్చినదే. రెండు ఇనుప ముక్కలు ఒకదానినొకటి ఒరుసుకొని అరిగిపోకుండా నడుమ నిలిచే పలుచని పొరకు స్నేహమని పేరు పెట్టిన పెద్దలకు ఇంజను అంటే తెలియదు. అయినా వారు పెట్టిన పేరు ఇంజనుకే సరిగ్గా అతికినది.

ఇంతవరకు మాకు తెలిసిన విద్యే. తరగతి గదిలో ఈ వ్యుత్పత్తులు చెప్పి విద్యార్థుల చేత ‘ఆహా’ అనిపించుకొన్న సందర్భాలు కూడా ఉన్నవి. నూనెకు పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలిగిన మేము, నూనె డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నదో చదవలేకపోయాము. చదవలేకపోయాము అనడం కూడా సరి కాదు. చదవమని అడిగితే చదవలేదు.

మా నాన్నగారు ముప్పై ఏళ్ళకు పైగా లారీ తోలారు. పొగాకు సీజనులో డి.సి.పల్లి, కలిగిరి వేలం కేంద్రాల నుండి బేళ్ళు ఎత్తుకొని గుంటూరుకు, మిగిలిన కాలమంతా ఏ బాడుగ దొరికితే ఆ ఊరికి. ఆయన చదువు ఉర్దూ బడిలో మూడో తరగతితో ఆగిపోయింది. ఇంజను నూనెను పరీక్షించడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. పొద్దున బండి కదిలించే ముందు డిప్‌స్టిక్ తీసి, చివరి బొట్టును బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ రాసి, కొంచెంసేపు మౌనంగా ఉండేవారు. తరువాత వాసన చూసేవారు. ఆత్మకూరులో ఆయనకొక ఉస్తాద్ ఉన్నాడు. ఆయనకు అక్షరం రాదు గాని, దారిన పోయే లారీ చప్పుడు విని, దానికి ఎన్నో సిలిండరులో లోపమున్నదో చెప్పగలడు. వారిద్దరి లెక్కలో నూనె ఒక్కటే జాతి. చిక్కగా ఉన్నది మంచిది, పలుచబడినది చెడ్డది, నల్లబడినది చచ్చినది. ఆ కాలపు ఇంజనులు మొరటువి, ఓర్పు గలవి. ఆ లెక్కతోనే ఆ బండి మా చదువులు, మా అక్కగారి పెళ్ళి, మా ఇంటి పైకప్పు లాక్కొచ్చింది.

2021లో మా తమ్ముడు ఆ పాత బండిని అమ్మి కొత్త లారీ కొన్నాడు. మొదటి సొమ్ము కోసం అమ్మ పేర ఉన్న ఇంటి పట్టా కుదువ పెట్టాము. బండితో పాటు అట్ట గట్టిగా ఉన్న ఒక పుస్తకం వచ్చింది, అంతా ఇంగ్లీషు. తమ్ముడు దానిని గుడ్డలో చుట్టి సీటు వెనుక భద్రంగా దాచాడు. నాన్నగారి పద్ధతినే నూనె మార్చేవాడు. పాత బండికి పోసిన రకాన్నే పోశాడు. నూనె అమ్మే అంగడిలో ఒకరు, ఈ సీసా ఒకటి నూనెలో కలిపితే ఇంజను చల్లగా ఉంటుంది, ఇంకొకటి డీజిలులో కలిపితే మైలేజీ పెరుగుతుంది అని చెబితే, అవి కూడా కొన్నాడు. తన బండి మీద ప్రేమ కొద్దీ కొన్నాడే గాని, డబ్బు ఎక్కువై కాదు.

2023 వేసవిలో ఒక రాత్రి అతడు మాకు ఫోను చేశాడు. “భాయీ, మీటరు దగ్గర పసుపు దీపం ఒకటి వెలుగుతోంది. నూనె డబ్బా ఫోటో, పుస్తకంలో దీపాల బొమ్మలున్న పేజీ ఫోటో పంపాను. కాస్త చదివి చెప్పు” అన్నాడు. మేము అప్పుడు పరీక్ష పత్రాలు దిద్దుతున్నాము. “ఇంజను సంగతి నాకేం తెలుసురా, మేస్త్రీని అడుగు” అన్నాము. అతడు మరి మాట్లాడలేదు. ఆ ఫోటోలను మేము తెరిచి కూడా చూడలేదు.

పది రోజులకు, నెల్లూరు నుండి ప్రొద్దుటూరుకు బియ్యం లోడుతో పోతూ, మర్రిపాడు దాటి వెలికొండల ఎక్కుడులో బండి శక్తి కోల్పోయింది. పసుపు దీపం ఎర్ర దీపమైంది. నడి మధ్యాహ్నం, రోహిణీ కార్తె ఎండ. రోడ్డు వార రాయి పెట్టి, అతడూ క్లీనరూ లారీ నీడలో సాయంకాలం దాకా కూర్చున్నారట. బండిని లాగించి నెల్లూరు చేర్చాము. అక్కడి కర్మశాలలో పొగగొట్టంలోని వడపోతను విప్పి చూపారు. దాని సన్నని రంధ్రాలు బూడిదతో పూడిపోయి ఉన్నవి. పోసిన నూనె పుస్తకంలో చెప్పిన జాతి కాదు కనుక గ్యారంటీ వర్తించదన్నారు. ఆ ఖర్చు మాకు నాలుగు నెలల వాయిదాల పెట్టు. ఆ రాత్రి మేము ఆ ఫోటోలు తెరిచాము. ఆ పసుపు దీపం బొమ్మ పక్కన ఏమి చేయవలసినదో మూడు వాక్యాలలో ఉన్నది. డబ్బా మీద ఉన్న అక్షరాలకూ పుస్తకంలో ఉన్న అక్షరాలకూ పొత్తు లేదు. ఒక నిముషం పని!

అప్పటి నుండి మేము ఆ అక్షరాలను నేర్చుకొన్నాము. నేర్చుకొన్నంత మేరకు ఇక్కడ చెబుతాము. మీలో లారీ, ట్రాక్టరు, ఆటో ఉన్న ఇళ్ళ పిల్లలు ఎందరో మాకు తెలుసు.

డబ్బా మీద మొదట కనిపించేది ‘ఎస్.ఎ.ఇ. 15డబ్ల్యు-40’ వంటి గుర్తు. ఇది చిక్కదనాన్ని చెబుతుందే గాని నాణ్యాన్ని కాదు. డబ్ల్యు అంటే ఇంగ్లీషులో శీతకాలం. దాని ముందున్న అంకె, చలిలో ఇంజను తిరగడం మొదలు పెట్టేటప్పుడు నూనె ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. అది తగ్గినకొద్దీ నూనె చలికి తట్టుకుంటుంది. 15డబ్ల్యు నూనెను సున్నకు 20 డిగ్రీలు దిగువన పరీక్షిస్తారు. అంత చలి మన ఉదయగిరి ఎన్నడూ ఎరుగదు. మనకు ముఖ్యమైనది రెండవ అంకె. 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నూనె చిక్కదనం 12.5కూ 16.3 సెంటీస్టోకులకూ నడుమ ఉంటే దానిని 40 అంటారు. అంతకు మించితే 50. మన ఎండకు 50 అయితే గట్టిగా నిలుస్తుందని తమ్ముడు వాదించేవాడు. అతి చిక్కని నూనె పొద్దున ఇంజను పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది, దానిని తోయడానికి డీజిలు వృథా అవుతుంది. పిండిమర కప్పీకి వేసే గ్రీజును కుట్టుమిషనుకు వేస్తామా? ఏ సందుకు ఎంత పొర కావాలో ఇంజను చేసినవాడు కొలిచి పుస్తకంలో వ్రాశాడు.

రెండవ గుర్తు ‘ఎ.పి.ఐ.’ అన్న అక్షరాల పక్కన ఉంటుంది. సి.హెచ్.-4, సి.ఐ.-4, సి.కె.-4 ఇట్లా. ‘సి’తో మొదలైనవి డీజిలు ఇంజనులకు, ‘ఎస్’తో మొదలైనవి పెట్రోలు ఇంజనులకు. చివరి 4, నాలుగు స్ట్రోకుల ఇంజనుకని గుర్తు. నడుమ అక్షరం ముందుకు జరిగినకొద్దీ నూనె కొత్త తరానిది. సి.కె.-4 అన్నది 2016 డిసెంబరులో అమలుకు వచ్చింది. నాన్నగారి లెక్క తప్పినది ఇక్కడే, ఆయన తప్పు ఏమీ లేకుండానే.

కారణం డీజిలులో ఉన్నది. డీజిలులోని గంధకం మండి ఆమ్లంగా మారి ఇంజనును తినేస్తుంది. ఆ ఆమ్లాన్ని విరిచేందుకు నూనెలో క్షారం కలుపుతారు. భారత్ స్టేజి 3 డీజిలులో పది లక్షల పాళ్ళకు 350 పాళ్ళ దాకా గంధకం ఉండవచ్చును. 2017 ఏప్రిలు నుండి దేశమంతటా భారత్ స్టేజి 4 వచ్చి 50 పాళ్ళకు, 2020 ఏప్రిలు నుండి భారత్ స్టేజి 6 వచ్చి 10 పాళ్ళకు తగ్గింది. గంధకం ఎక్కువగా ఉన్న కాలంలో క్షారం ఎక్కువగా ఉన్న నూనె దేవుడిచ్చిన వరం. కాని ఆ క్షారంలోని లోహాలు, నూనె కొంచెం కొంచెంగా మండినప్పుడు బూడిదగా మిగులుతవి. పాత బండిలో ఆ బూడిద పొగగొట్టం గుండా బయటికి పోయేది. స్టేజి 6 లారీలో పొగగొట్టానికి వడపోత ఉన్నది, లారీవాళ్ళు డీపీఎఫ్ అంటారు. దానిలో చిక్కిన మసిని ఇంజను అప్పుడప్పుడు తానే వేడి పెంచి కాల్చివేసుకొంటుంది. బూడిదను మాత్రం కాల్చలేదు. పొయ్యిలో కట్టె మండుతుంది, బూడిద మండదు. దానిని ఎత్తి పోయవలసినదే. ఆ పసుపు దీపం మసి కాల్చుకోవడానికి అవకాశమిమ్మని బండి చేసే మనవి. అందుకే సి.జె.-4, సి.కె.-4 నూనెలలో బూడిద నూటికి 1 పాలు మించరాదని హద్దు పెట్టారు. మా తమ్ముడు పోసిన పాతరకం నూనెకు అటువంటి హద్దు లేదు. పైన కలిపిన సీసా ఇంకొంత బూడిదను తెచ్చింది. ఇది ఒక్కనాటితో జరిగినది కాదు. రెండేళ్ళ పాటు, ప్రతి నూనె మార్పులోను, ప్రేమతోనే పూడ్చుకొన్నాము.

నూనె నల్లబడడం గూర్చి కూడా ఒక మాట. డీజిలు ఇంజనులో మంచి నూనె త్వరగానే నల్లబడుతుంది. మసిని ఒకచోట పేరుకోనీయకుండా విడదీసి తనలో మోసుకొని తిరిగే మందు దానిలో ఉన్నది. పది ఇళ్ళ గిన్నెలు కడిగిన నీళ్ళు తెల్లగా ఉంటే అనుమానించాలి గాని, నల్లగా ఉంటే కాదు. నూనె మార్పుకు రంగు కాదు, తిరిగిన కిలోమీటర్లు, మోసిన బరువు ప్రమాణం. నిజంగా భయపడవలసిన గుర్తులు వేరే. పాలు కలిపిన కాఫీ రంగు వస్తే నూనెలో నీళ్ళు చేరినట్లు. మట్టం పెరిగి డీజిలు వాసన వేస్తే ఇంధనం నూనెలోకి దిగుతున్నట్లు. ఈ రెండవదానిని నాన్నగారి వ్రేళ్ళు, ముక్కు ఏ యంత్రమూ లేకుండా పట్టేవి. ఆ విద్యను మేము తక్కువ చేయడం లేదు.

ఇక సీసాల సంగతి. లారీకి తగిన నూనెలో సుమారు ఐదవ వంతు దాకా రకరకాల మందులే ఉంటవి: మసిని విడదీసేది, అరుగుదలను ఆపేది, నురుగును అణచేది. వాటిని ఒకదానితో ఒకటి తగవులాడకుండా తూచి కలిపి ఉంచుతారు. దానిలో మరొక మందు పోయడం, ఉప్పు సరిపోయిన కూరలో చుట్టమొకరు వచ్చి మళ్ళీ ఉప్పు వేయడమే.

డీజిలులో కలిపేవాటిని ఒక్కొక్కటిగా చూద్దాము. సులువుగా అంటుకొనే గుణాన్ని సీటేను సంఖ్య అంటారు. మన బంకులలోని డీజిలుకు అది కనీసం 51 ఉండవలెనని నియమం ఉన్నది కనుక, దానిని పెంచే సీసా మామూలుగా అక్కర లేదు. చలికి డీజిలు గడ్డకట్టకుండా చేసే మందులున్నవి. లడాఖు కోసం 2019లో సున్నకు 33 డిగ్రీలు దిగువన కూడా పారే డీజిలును ప్రత్యేకంగా తెచ్చారు. అక్కడ అది అవసరం. మే నెలలో ఉదయగిరి బస్టాండులో నిలబడినవారికి దాని అనవసరం వేరే చెప్పనక్కర లేదు. ఇంజెక్టరు శుభ్రపరిచే మందు కొన్నిసార్లు పనికి వస్తుంది, బండి పుస్తకం ఒప్పుకొంటేనే. డీజిలులో చేరే నీటికి మాత్రం సీసా మందు కాదు. వడపోత కింది మరను విప్పి నీటిని వదలడమే మందు. రాత్రి బండి నిలిపే ముందు ట్యాంకు నింపితే, లోపలి గాలిలోని తేమ నీరుగా దిగడం తగ్గుతుంది.

ఒకప్పుడు డీజిలులో కిరోసిను కలిపేవారుండేవారు. కిరోసినుకు జిడ్డు తక్కువ. డీజిలు తన జిడ్డుతోనే పంపునూ ఇంజెక్టరునూ కాపాడుతుంది. అది కరవైతే అవి అరిగిపోతవి. ఆ కిరోసిను రేషను కార్డు మీద పేదవాని దీపానికి వచ్చినది, అందుకే దానికి నీలిరంగు కలిపేవారు. ఒక ఇంటి దీపాన్ని ఆర్పి బండి నడిపితే ఆ బండి కూడా బాగుపడలేదన్నమాట!

చివరది యూరియా ద్రవం. స్టేజి 6 లారీలకు నీలి మూత ఉన్న చిన్న ట్యాంకు ఒకటి ఉంటుంది. దానిలో పోసేది నూటికి 32.5 పాళ్ళు యూరియా, మిగిలినది శుద్ధి చేసిన నీరు. ఇది డీజిలులో కలిపేది కాదు; పొగలో చల్లి విషవాయువును విరిచేది. పొరపాటున డీజిలు ట్యాంకులో పోస్తే పంపు, ఇంజెక్టర్లు పాడవుతవి. పొలానికి తెచ్చిన యూరియాను బోరు నీళ్ళలో కరిగించి పోస్తే చాలదా అని మా తమ్ముడే ఒకసారి అడిగాడు. చాలదు. ఎరువులోని కల్మషాలు, నీటిలోని ఉప్పులు లోపలి ఖరీదైన భాగాన్ని పాడు చేస్తవి. వరికి వేసేది వరికే.

ఇవన్నీ తెలుసుకొన్న తరువాత ఒకనాడు ఆత్మకూరు వెళ్ళి ఉస్తాద్‌కు చెప్పాము. కోప్పడతాడేమో అనుకొన్నాము. ఆయన చివరిదాకా విని, “బేటా, మా కాలంలో ఇంజను మాతో మాట్లాడేది. ఇప్పుడు కాగితంతో మాట్లాడుతోంది. నాకు కాగితం భాష రాదు. నీకు వచ్చు కదా, మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. మేము జవాబు చెప్పలేదు. ఇప్పుడు ఆయన షెడ్డులో నూనె డబ్బా రాగానే మన కళాశాలలో చదువుతున్న ఆయన మనుమడు దాని మీది అక్షరాలు పైకి చదువుతాడు. ఆ తరువాతనే ఆయన మూత విప్పుతాడు.

మన ఊరి కొయ్య చెంచాలు చేసేవారిని చూడండి. దుర్గం కొండల కొయ్యలో దేనిని గరిటెకు, దేనిని సన్నని చెంచాకు వాడవలెనో వారికి చేతితో తాకగానే తెలుస్తుంది. హునర్ అంటే అదే. కాని అదే చెంచా దూరదేశం పోవలెనంటే ఒక పత్రం నింపవలసి వస్తుంది, అప్పుడు ఎవరో ఒకరు చదివి చెప్పాలి. ఇల్మ్ ఒకరి దగ్గర, అమల్ మరొకరి దగ్గర ఉండి, నడుమ మాట లేకపోతే రెండు ఇనుప ముక్కలు ఒరుసుకొన్నట్లే. ఆ నడుమ పొర ఏదో ఈ వ్యాసం మొదటనే చెప్పుకొన్నాము.

మా లారీ తలుపు లోపలి వైపున ఇప్పుడొక కాగితం అంటించి ఉన్నది. నూనె జాతి, ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనో, ఏ దీపం వెలిగితే ఏమి చేయవలెనో తెలుగులో మేము వ్రాశాము. నాన్నగారు చదువుకోవడానికి వీలుగా దాని కిందనే ఉర్దూలో కూడా వ్రాశాము. ఆయన బండి తోలడం మాని చాలా ఏళ్ళయినది. అయినా మొన్న అద్దాలు పెట్టుకొని ఆ కాగితం మొత్తం చదివి, డిప్‌స్టిక్ తీసి, ఒక బొట్టు వ్రేళ్ళ నడుమ రాసి చూసి, తల ఊపారు. ఇంటి పట్టా ఇంకా కుదువలోనే ఉన్నది. మరి పద్నాలుగు వాయిదాలు కట్టవలసి ఉన్నది.

విద్యార్థినీ విద్యార్థులారా, మీ ఇంట ఎవరైనా ఒక డబ్బానో, ఒక చీటీనో, ఒక నోటీసునో తెచ్చి ఇందులో ఏమున్నదో చదివి చెప్పమని అడిగితే, అది మా సబ్జెక్టు కాదనకండి. మేమన్నాము.